వజీఫా కాగితంలో నాలుగో ఖానా

1948 జూన్ 3, గురువారం

ఇవాళ బడి కమిటీతో గొడవ పెట్టుకున్నాను. పెట్టుకోకూడదని పొద్దున అనుకునే వెళ్లాను. నా నోటి సంగతి నాకు తెలుసు.

మాది ప్రైవేటు బడి, గంజ్‌లో ధాన్యం వ్యాపారులు పెట్టింది. గంజ్‌కు వచ్చే ప్రతి బస్తా మీద రైతు దగ్గర కొంత ధర్మాదాయమని పట్టుకుంటారు. అందులోంచి ఏటా ఆరుగురు పేద పిల్లలకు ఫీజు మాఫీ. దాన్నే వజీఫా అంటారు. ఆరు సీట్లకు ఈసారి ఇరవై మూడు అర్జీలు వచ్చాయి. అర్జీ పెట్టిన ప్రతి ఇంటికీ నేను వెళ్లాలి. వాళ్ల జొన్నల కుండలో చెయ్యి పెట్టి చూడాలి. గింజ తగలకుండా చెయ్యి మోచేతి దాకా దిగితే పేదవాళ్లని రాయాలి. ఇది మా ప్రెసిడెంటు చెన్నబసప్ప గారు పెట్టిన రూలు.

ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నేను చెయ్యి పెడుతుంటే ఆ ఇంటి ఆడవాళ్లు మొహం తిప్పుకుంటారు. నేనూ తిప్పుకుంటాను. ఈ ఏడాది నుంచి కుండలు తడమడం మానేద్దామన్నాను. అబద్ధం చెప్పేవాళ్లకు ధర్మం ఎట్లా చేస్తామని చెన్నబసప్ప గారు అడిగాడు. ధర్మం చేసేది మీరు కాదు, బస్తా మోసుకొచ్చిన రైతు అన్నాను. కమిటీలో మిగతా ఇద్దరూ గోడ గడియారం చూశారు.

మా ఆయన ఇస్సాకు దవాఖానలో కంపౌండరు. ఇంటికొచ్చి జరిగింది చెబితే, ఉద్యోగం ఉందా పోయిందా అని ఒక్కటే అడిగాడు. ఉంది.

జూన్ 5, శనివారం

ఖాదర్ ఇంటికి వెళ్లాను. అందరూ టాంగా ఖాదర్ అంటారు కాని ఇప్పుడు టాంగా తోలడం లేదు. కిందటి నెల రజాకార్లు కిరసనాయిలు డబ్బాలు ఒక ఊరికి చేరవెయ్యమన్నారట. ఊరు తగలబెట్టడానికేనని ఇతనికి తెలిసిపోయింది. చక్రం విరిగిందని చెప్పాడు. వాళ్లు ఇంటికొచ్చి చక్రం చూశారు. గుర్రాన్ని వాకిట్లోనే తుపాకీతో కాల్చారు. ఖాదర్‌ను టాంగా కాడికి కట్టేసి కొరడాతో కొట్టారు.

అంగీ ఎత్తి వీపు చూపించాడు. తోలు ఇంకా కలవలేదు. రెండు చోట్ల చీము పట్టింది. రేపే దవాఖానకు రమ్మని కేకలేశాను. ఇప్పుడు గంజ్‌లో కూర్చుని దబ్బనంతో గోనె సంచులు కుడుతున్నాడు, అదీ పని దొరికిన రోజున.

కులసుం వాళ్ల ఒక్కతే కూతురు. పన్నెండేళ్లు. మా బడిలో ఏడో తరగతికి వచ్చింది. చక్రవడ్డీ నోటితోనే కట్టేస్తుంది. నేను బోర్డు మీద లెక్క తప్పు చేస్తే క్లాసందరి ముందూ దిద్దుతుంది. నాకు ఒళ్లు మండుతుంది. ఇంటికొచ్చాక మా ఆయనకు చెప్పి మురిసిపోతాను. ఈ ఏడాది మిడిల్ పరీక్ష రాస్తే మా బడి నుంచి రాసిన మొదటి ఆడపిల్ల అవుతుంది. ఊళ్లో సర్కారు బడిలో ఆడపిల్లలకు నాలుగో తరగతితో సరి. ఇక్కడ ఫీజు కట్టకపోతే ఈ నెలతో ఆఖరు.

తల్లి సర్వరీ బేగం నేను నోరు తెరవకముందే కుండ తెచ్చి నా ముందు పెట్టింది. మొహం తిప్పుకోలేదు. నన్నే చూస్తూ నిలబడింది. నా చెయ్యి మోచేయి దాటి దిగింది. అడుగున నాలుగు నూకలు గోళ్లకు తగిలాయి.

ఫారం అక్కడే కూర్చుని నింపాను. ఒకటో ఖానా పిల్ల పేరు, రెండు తండ్రి పేరు, మూడు ఇల్లు, నాలుగు తండ్రి చేసే పని. కులసుం నా భుజం మీదుగా చూస్తూ నేను రాసేదంతా పైకి చదివింది. నాలుగో ఖానాలో "టాంగా తోలును, ప్రస్తుతం పని లేదు" అని రాశాను. ఖాదర్‌కు తెలుగు చదవడం రాదు. నవ్వుతూ కింద వేలిముద్ర వేశాడు.

జూన్ 9, బుధవారం

కమిటీ కూర్చుంది. అయిదుగురికి ఇచ్చారు. ఖాదర్ కాగితం పక్కన పడేశారు.

చెన్నబసప్ప గారు అరవలేదు. అరిస్తే నాకు తేలిగ్గా ఉండేది. "వాళ్లకు సర్కారే ఉన్నది గద రూతమ్మా. మన ధర్మాదాయం వాళ్లకెందుకు? మా మేనల్లుని చెయ్యి తెగి ఇంక నెల గాలె," అన్నాడు.

అదీ నిజమే. ధాన్యం కొట్టు తాళంచెవి ఇవ్వలేదని రజాకార్లు ఆ కుర్రవాడి చెయ్యి మణికట్టు దగ్గర నరికారు. తెగిన చేతిని తువ్వాలులో చుట్టుకుని దవాఖానకు తెచ్చారు, మళ్లీ అతికించమని. మా ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు.

కాని నరికింది ఖాదర్ కాదు కదా. అతన్నీ వాళ్లే కొట్టారు, వీపు నేను చూశాను. అదే చెప్పాను. వాళ్లలో వాళ్లకు సవాలక్ష ఉంటాయి, మనకెందుకన్నాడు. మరి ఆరో సీటు ఎవరికని అడిగాను. ఈ ఏడాది ఖాళీగా ఉంచుతాడట. ఇరవై మూడు కుండలు నాతో తడిమించి ఖాళీగా ఉంచుతాడట! వస్తూ వస్తూ దారిలో పైకే తిట్టాను. ఎవరో ఆగి చూశారు. చూడనీ.

జూన్ 10

నాలుగో ఖానా మార్చాను.

జూన్ 12, శనివారం

నవ్వు ఆపుకోలేకపోతున్నాను. ఏం చేశానో ఇక్కడైనా రాసుకోవాలి.

తప్పులున్నాయని చెప్పి ఖాదర్ కాగితం వెనక్కి తీసుకున్నాను. నాలుగో ఖానాలో రాసింది బ్లేడుతో గీకేశాను. ఆ జాగాలో "రజాకార్ వలంటీరు. జీతం లేదు" అని రాశాను. కింద వేలిముద్ర అట్లాగే ఉంది. ఖాదర్‌కు చెప్పలేదు. చెబితే ఒప్పుకోడు.

ఇవాళ దుకాణానికి వెళ్లి చెన్నబసప్ప గారి చేతికిచ్చాను. చదివాడు. మళ్లీ చదివాడు. నిజమేనా అని మెల్లగా అడిగాడు. నాకు బాగా తెలుసన్నాను. మనం కాదన్న సంగతి వాళ్లకు చేరిందా అని అడిగాడు. ఇంకా చేరలేదన్నాను. ఆ "ఇంకా" అన్నది కావాలనే అన్నాను. సంతకం పెట్టాడు. మిగతా ఇద్దరినీ పిలవనైనా పిలవలేదు. కాగితం మిగతా అయిదింటితో కలిపి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. న్యాయం అడిగితే ఇవ్వనివాడు భయపెడితే ఇచ్చాడు.

మా ఆయన నవ్వలేదు. వెంటనే వెళ్లి ఆ రాత కొట్టెయ్యి అన్నాడు. త్రైమాసిక పరీక్షలు అయిపోనీ, సీటు ఖాయమయ్యాక కొట్టేస్తానన్నాను. ఈయనకు అన్నిటికీ భయమే.

జూన్ 14, సోమవారం

ఖాదర్ వచ్చాడు. అయోమయంగా ఉన్నాడు. "సేటు ఇంటికి జొన్నల బస్తా పంపిండు టీచరమ్మా. నేనేం జేసిన ఆయనకు?" అన్నాడు. నీ కూతురి తెలివి చూసి పంపాడని చెప్పాను. నమ్మాడు. కళ్లనిండా నీళ్లతో సలాం చేశాడు. వీపు పుండ్ల వల్ల చెయ్యి నుదుటి దాకా లేవలేదు.

జూలై 20, మంగళవారం

కులసుం లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది. ఆ రెండూ నేను పొరపాటున తీసేశానని వాదించింది. చూస్తే నిజమే. నూరు వేశాను.

గంజ్‌లో ఇంకో సంగతి జరుగుతోంది. చెన్నబసప్ప గారు ఎవరితోనో అన్నట్టున్నాడు. ఖాదర్ వస్తుంటే హమాలీలు లేచి పక్కకు పోతున్నారు. బీడీ అడిగితే కట్టంతా ఇచ్చేస్తున్నారు. తన దగ్గర ఎవరూ కూర్చోవడం లేదని, తనకేమన్నా రోగం ఉందని ఎవరైనా చెప్పారా అని మా ఆయన్ను అడిగాడట. మా ఆయన నావైపు చూశాడు. రేపు వెళ్లి కొట్టేస్తాను.

జూలై 21

వాన. వెళ్లలేదు.

ఆగస్టు 11, బుధవారం

మూడు వారాలుగా డైరీ తీయలేదు. ఒక ఊరు తగలబెట్టారు. బండ్ల మీద మనుషుల్ని తెచ్చి దవాఖాన వాకిట్లో దింపారు. కడుపులో తుపాకీ గుండు ఉన్న ముసలమ్మ. పాలిచ్చే తల్లి, వీపంతా కాలింది, పిల్లకు ఏమీ కాలేదు. కళ్లు పోయిన మనిషి ఒకడు తన ఎడ్లు బతికాయా అని అదే పనిగా అడిగాడు. కట్టు గుడ్డ చాలక నా చీరలు చింపాను. రజాకార్లు వచ్చి, వీళ్లకు మందు వేస్తే దవాఖాన కూడా కాలుతుందని చెప్పి, మా ఆయన్ను చెంప మీద కొట్టి పోయారు. ఆయన చెంప తుడుచుకుని మందు వెయ్యడానికి వెళ్లాడు.

భయస్థుడని రాశాను కదా జూన్‌లో. తప్పు రాశాను.

ఈ రోజుల్లో ఆ కాగితం గురించి అడిగితే చెన్నబసప్ప గారు గొంతు పిసికేస్తాడు. కొంచెం సద్దుమణగాలి.

సెప్టెంబర్ 13, సోమవారం, పొద్దున పదకొండు

విమానాలు. బడి వదిలేశాం. యూనియన్ సైన్యం షోలాపూర్ సడక్ మీద వస్తోందంటున్నారు.

సెప్టెంబర్ 17, శుక్రవారం

ట్యాంకులు వచ్చాయి. రజాకార్ల క్యాంపులో ఒక్కడు లేడు, బూట్లు కూడా వదిలి పారిపోయారు. గంజ్‌లో బెల్లం పంచారు. నేనూ తిన్నాను, ఏడ్చాను, ఎవరెవరినో వాటేసుకున్నాను.

మా ఆయన బెల్లం ముక్క చేతిలో పట్టుకునే, కాగితం అన్నాడు.

సెప్టెంబర్ 18, శనివారం

దుకాణానికి వెళ్లి వజీఫా కాగితాలు ఒకసారి ఇవ్వమన్నాను. ఇప్పుడెందుకని చెన్నబసప్ప గారు నవ్వాడు. పండగ మొహంతో ఉన్నాడు. రిజిస్టరులో ఎక్కించాలన్నాను. బడి తెరిచాక చూద్దాంలే అన్నాడు. దుకాణం నిండా చుట్టాలు. అందరి ముందూ, నేను అబద్ధం రాశానని, మిమ్మల్ని భయపెట్టానని ఎట్లా చెప్పను? ఉద్యోగం ఆ నిమిషాన పోతుంది. సోమవారం ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. వచ్చేశాను.

సెప్టెంబర్ 20, సోమవారం

ఖాదర్‌ను చంపేశారు.

సెప్టెంబర్ 22, బుధవారం

నేను అక్కడే ఉన్నాను. ముందు ఇది రాయాలి. మిగతాది తర్వాత.

సోమవారం పొద్దున చెన్నబసప్ప గారితో మాట్లాడాలనే గంజ్‌కు వెళ్లాను. అప్పటికే చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లు గొడ్డళ్లతో, బరిసెలతో నిండిపోయి ఉన్నారు. ఇళ్లు కాలినవాళ్లు, కొడుకులు పోయినవాళ్లు. నేను చీర చింపి కట్టు కట్టినవాళ్లు కూడా ఉన్నారు. మసీదు గల్లీలోంచి పదకొండు మంది మగవాళ్లను ఈడ్చుకొచ్చి తూకం అరుగు ముందు కూర్చోబెట్టారు. గోనె సంచులు కుట్టే సుతిలితోనే చేతులు వెనక్కి కట్టారు. పత్తి బోరాల వెనక నిలబడిపోయాను.

మొదట జబ్బార్‌ను లేపారు. గాజులమ్ముకునేవాడు. ఎప్పుడూ కర్ర కూడా పట్టుకోలేదు. మొదటి దెబ్బకు మెడ సగమే తెగింది. రెండో దెబ్బకు గొడ్డలి రాతికి తగిలి నిప్పురవ్వలు లేచాయి. తర్వాత అతని తమ్ముణ్ణి. రక్తం వాలు ఉన్న వైపు పోయి జొన్నల రాశి కింద చేరింది. ఎవరో ఆ జొన్నల్ని కాలితో పక్కకు తోశారు, పాడవుతాయని.

ఖాదర్ తన వీపు చూడమని మొత్తుకున్నాడు. చేతులు కట్టేసి ఉన్నాయి. అంగీని పళ్లతో లాగబోయాడు. ఒక ముసలాయనకు జాలేసి వెనక నుంచి అంగీ ఎత్తాడు. చూసి, ఈనెను రజాకార్లే కొట్టినట్టున్నది, ఆగుండ్రి అన్నాడు. ఆగారు. నిజంగా ఆగారు. గొడ్డలి పట్టుకున్నవాడు దాన్ని కిందికి దించాడు కూడా.

అప్పుడు కులసుం జనంలోంచి దూసుకొచ్చింది. తల మీద ఓణీ లేదు. తన తండ్రి ఏం పని చేస్తాడో కాగితం మీద రాసి ఉందని, ఆ కాగితం సేటు ఇనప్పెట్టెలో ఉందని, తెప్పించి చూడమని అరిచింది. "మా టీచరమ్మ రాసింది. ఆమె అబద్ధం రాయది," అంది.

ఈ మాట నా చెవులతో విన్నాను.

చెన్నబసప్ప గారు దుకాణం మెట్ల మీదే ఉన్నాడు. లోపలికి వెళ్లి కాగితం తెచ్చాడు. దుకాణం నుంచి అరుగు దాకా ముప్పై అడుగులుంటాయి. ఆయన పరుగెత్తలేదు, మామూలుగా నడిచాడు. ఆ ముప్పై అడుగులూ నాకు టైము ఉంది. ఆయన కాగితాన్ని పిల్ల చేతికే ఇచ్చి చదవమన్నాడు. ఆయన్ను తిట్టుకోలేను. నేను రాసింది నమ్మాడు, అంతే.

కులసుం నిటారుగా నిలబడి చదివింది. గొంతు వణకకుండా, మాట మాటా విడిగా, చుక్క వచ్చేదాకా ఆగకుండా. అట్లా చదవడం నేనే నేర్పాను. తన పేరు చదివింది, తండ్రి పేరు చదివింది, ఇల్లు చదివింది, అదే ఊపులో నాలుగో ఖానా కూడా చదివేసింది. రజాకార్ వలంటీరు. జీతం లేదు.

చదివేశాక గాని ఏం చదివిందో తెలియలేదు. కాగితాన్ని కళ్ల దగ్గరికి తీసుకుంది. బ్లేడు గీసిన చోట వేలు పెట్టింది. నా చేతిరాత ఆ పిల్లకు తెలుసు. తల ఎత్తి జనంలో వెతికింది. నన్నే వెతికింది. నేను బోరాల వెనక వంగాను.

ఖాదర్‌కు చదవడం రాదు కాని వింటే అర్థమవుతుంది. కూతురి వంక చూశాడు. కోపం లేదు. ఈ పిల్ల ఏదో తప్పు చదివిందని అనుకున్నట్టున్నాడు, మళ్లీ చూడమని తలతో సైగ చేశాడు. ముసలాయన అంగీ వదిలేశాడు. బరిసె వీపులోకి దింపారు, ఆ పాత దెబ్బల మీదే. మూడుసార్లు. కులసుం తండ్రి మీద పడింది. జుట్టు పట్టి పక్కకు లాగి, మళ్లీ పొడిచారు.

నా నోరు ఊరంతటికీ తెలుసు. కమిటీకి తెలుసు, రజాకార్లకు తెలుసు. ఒక్క మాట చాలు, అది నేను రాసిన అబద్ధం అని. మాట రాలేదని రాయబోయాను. అది కూడా అబద్ధమే. నేనే రానివ్వలేదు. ఇప్పుడు చెబితే ఆ బరిసె నావైపు తిరుగుతుందని లెక్క వేసుకున్నాను. అంత గడబిడలోనూ నాకు లెక్క తప్పలేదు.

సెప్టెంబర్ 25, శనివారం

చెన్నబసప్ప గారు ఇంటికొచ్చాడు. నన్ను ఓదార్చడానికి. మనం పాముకు పాలు పోశాం రూతమ్మా, నీ తప్పేం లేదు, నువ్వు ఉన్నది ఉన్నట్టు రాశావు అన్నాడు. ఆడవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లకు గంజ్‌లో ధాన్యం ఇస్తున్నారట. సర్వరీ బేగం కూడా వరసలో నిలబడిందట. అది రజాకార్ ఇల్లని ఈయనే చెప్పి పంపించేశాడట. ఊళ్లో ఎవరూ ఆ తల్లీకూతుళ్లకు నిలువ నీడ ఇవ్వడం లేదు. దర్గా వాకిట్లో పడుకుంటున్నారు.

నేను ఆయనకు చాయ్ పెట్టి ఇచ్చాను. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను. నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

సెప్టెంబర్ 29, బుధవారం

కులసుం వచ్చింది. గడప దాటలేదు. కుడి కన్ను వాచి ఉంది. జుట్టు పట్టి లాగిన చోట నెత్తి మీద రూపాయంత మేర తోలు లేచిపోయింది. మందు రాస్తానన్నాను. వద్దంది.

"మా అబ్బా మీకేం జేసిండు టీచరమ్మా?" అని అడిగింది.

అంతా చెప్పాను. ఆరో సీటు, బ్లేడు, నా కోపం, నా నవ్వు. ఆ సోమవారం బోరాల వెనక నిలబడ్డానని కూడా చెప్పాను. పాఠం విన్నట్టే విన్నది. మధ్యలో ఒక్కసారే ఆపింది. తన చదువు కోసమని ఎందుకు రాశారు, తనను అడగలేదు కదా అంది. అంతా అయ్యాక, ఇది ఇంకా ఎవరికి తెలుసని అడిగింది. మా ఆయనకు, నాకు అన్నాను.

"గంజ్‌ల చెప్పున్రి. సోమారం నాడు అందరుంటరు," అంది. వెళ్లిపోయింది.

అక్టోబర్ 3, ఆదివారం

మా ఆయన బీదరుకు బండి మాట్లాడి పెట్టాడు. నాలుగు రోజులుగా అదే మాట. చెబితే ఖాదర్ లేచి రాడు, నిన్ను మాత్రం చంపుతారు అంటున్నాడు. అతన్ని పొడిచినవాళ్లకు, పొడిచింది ఏ తప్పూ చెయ్యనివాణ్ణని నువ్వు వాళ్ల మొహం మీద చెప్పబోతున్నావు, ఎవరు ఓర్చుకుంటారు అంటున్నాడు. ప్రతి మాటా నిజమే. చర్చిలో ఇవాళ ప్రార్థన ఒక్క ముక్క తలకెక్కలేదు. తల్లీకూతుళ్లను మనతో బీదరు తీసుకుపోయి అక్కడ చదివిద్దాం, అది చాలదా అన్నాడు. చాలని ఒప్పుకున్నాను. పెట్టె సర్దాను.

సర్దాక దాని మీదే కూర్చున్నాను. చాలదు.

అక్టోబర్ 4, సోమవారం

చెప్పాను. తూకం అరుగెక్కి చెప్పాను. సగంలో ఉండగా రాయి వచ్చి దవడకు తగిలింది. రెండు పళ్లు అరచేతిలో పడ్డాయి. కింద పడ్డాను. ఎవరో డొక్కలో తన్నారు. చెన్నబసప్ప గారు దుకాణం తలుపులు మూసుకున్నాడు.

కులసుం వచ్చి నా రెక్క పట్టుకుని లేపింది. జాలిపడి లేపుతోందనుకున్నాను.

"ఎన్కున్నోళ్లకు ఇనరాలె. మొదటికెంచి మల్ల చెప్పున్రి టీచరమ్మా," అంది.

నోట్లో రక్తం ఉమ్మేసి, మొదటి నుంచి మళ్లీ చెప్పాను.